నా దవడ, పటంలో ముఖం లేని మా అత్త

మొదట జరిగింది చాలా చిన్న విషయం. దారం తెగలేదు.

పుంగనూరులో నాకు ఒక టైలరింగ్ షాపు ఉంది. ఆడవాళ్ళ జాకెట్లు, చుడీదార్లు కుడతాను. పన్నెండేళ్ళ పనిలో నేను కత్తెరతో దారం తెంపింది చాలా తక్కువ. కత్తెర పక్కనే ఉన్నా చెయ్యి దానికోసం వెతికేలోపు దారం ముందు పళ్ళ మధ్యకు వెళ్ళిపోతుంది, టుక్కుమని తెగుతుంది. కుట్టుపని చేసే ఆడవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే ఇది. ఆ రోజు ఒక పెళ్ళి జాకెట్టుకు హెమ్మింగ్ ముగించి, ఎప్పట్లాగే దారం పళ్ళ మధ్య పెట్టి లాగాను. అది తెగకుండా జారి వచ్చేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. దవడ నొప్పి పుట్టేంత గట్టిగా కరిచాను. దారం తడిసింది గానీ తెగలేదు.

ఒళ్ళో జాకెట్టు పక్కన పెట్టి ట్రయల్ అద్దం ముందు నిలబడ్డాను. వేళ్ళతో పెదవులు పక్కకు లాగి చూసుకున్నాను. వెనక దంతాలు కలిసే ఉన్నాయి. ముందు పళ్ళు మాత్రం కలవలేదు. పైవరుసకూ కిందవరుసకూ మధ్య సన్నగా నల్లటి సందు. నోరు మూసుకున్నాననే నేను అనుకుంటున్నాను. అద్దంలో నా నోరు తెరిచే ఉంది.

మా షాపులో మగ్గం వర్క్ చేసే నస్రీన్ వచ్చి పక్కన నిలబడి చూసింది.

"అరె, ఏముందక్కా అందులో! వయసయ్యేకొద్దీ పండ్లు జరుగుతాయి లే."

నాకప్పుడు ముప్ఫై ఒకటి. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కత్తెర తీసుకుని దారం తెంపాను.

ఆ తర్వాత ఒకటొకటిగా మొదలయ్యాయి. పప్పులో టమాటా తొక్క ముందు పళ్ళకు తెగేది కాదు, నాలుకతో వెనక్కి నెట్టుకుని నమలాల్సి వచ్చేది. 'స' అంటే గాలి ముందు సందులోంచి పోయేది. కొలతలు చెబుతుంటే కస్టమర్లు "ఏమంటివి?" అని రెండోసారి అడగడం మొదలైంది. అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది చప్పుడు. అన్నం నమిలితే చెవుల దగ్గర ఇసుక తొక్కినట్టు చప్పుడు. ఇంట్లో ఎవరికీ వినిపించదు, నాకొక్కదానికే వినిపిస్తుంది. నొప్పి మాత్రం పెద్దగా లేదు. నొప్పి ఉంటే బాగుండేది, త్వరగా పరిగెత్తేదాన్ని.

మా ఆయన శాంతిపురం దగ్గర గ్రానైట్ పనిలో ఉంటాడు, వారానికొకసారి వస్తాడు. రోజూ చూసేవాళ్ళకు తెలియనిది ఆయనకు తెలిసింది. ఒక శనివారం భోజనం చేస్తూ నన్ను పక్కనుంచి చూసి, "నీ గడ్డం యాడికి పోయిందే?" అన్నాడు. సరదాకే అన్నాడు. నేను చెయ్యి పెట్టి తడుముకున్నాను. గడ్డం అక్కడే ఉంది, కానీ నాకు తెలిసిన చోటుకు కొంచెం వెనక ఉంది.

ఆయన మాటకు మా అమ్మ నవ్వలేదు. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆ రోజు నుంచి నేను తినేటప్పుడు అమ్మ నా ఎదురుగా కూర్చోవడం మానేసింది. అన్నం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకో అడిగితే పని ఉందనేది. ముప్ఫై ఏళ్ళు నా ముఖంలోకి చూసి మాట్లాడిన మనిషి గోడతో మాట్లాడుతుంటే ఎలా ఉంటుందో, అప్పుడు తెలిసింది.

అమ్మ సంగతి చెప్పాలంటే ఒక పటం గురించి చెప్పాలి. మాది నిమ్మనపల్లె దగ్గర ఊరు. నాన్న పోయాక అమ్మ పుంగనూరులో నా దగ్గరికి వచ్చేసింది. వచ్చేటప్పుడు బట్టలు, బైబిలు, ఒక పెద్ద పటం తెచ్చుకుంది. నేను పుట్టకముందు ఒక క్రిస్మస్‌కి చర్చి ముందు తీయించుకున్న కుటుంబం ఫోటో అది. తాత, అవ్వ, నాన్న, కొత్త కోడలుగా అమ్మ. అవ్వ పక్కన కుర్చీలో ఒక ఆడమనిషి, ఒళ్ళో రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆమెకు ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట పటం అద్దం మీద క్యాలెండర్ కాగితం ముక్క అంటించి ఉంటుంది. దాని మీద ఎర్రటి అంకె, ఏడు.

ఆమె నాన్నకు అక్క. పేరు ఎస్తేరమ్మ. పెళ్ళి కాలేదు. నాకు నాలుగేళ్ళప్పుడు జ్వరంతో చనిపోయింది. ఇంతే తెలుసు. చిన్నప్పుడు నేను ఆమెను "ఏడత్త" అనేదాన్ని. కాగితం ఎందుకని అడిగితే, ఫోటో తీసేటప్పుడు ఆమె కదిలిపోయింది, ముఖం చెదిరిపోయింది అని అమ్మ చెప్పేది. ఆ పటం కిందే చదువుకున్నాను, ఆ పటం కిందే నిద్రపోయాను. రోజూ కనిపించేదాన్ని మనం వింత అనుకోం.

ఆరు నెలలు ఆగి మదనపల్లె వెళ్ళాను. ఆ ఆరు నెలలూ నాదే తప్పు. అక్కడ ఒక దంతాల డాక్టర్ దవడంతా కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి, నోట్లో చల్లటి ముద్ద పెట్టి పళ్ళ అచ్చు తీసుకున్నారు. వారం తర్వాత ఆ అచ్చులో పోసిన తెల్లటి మోడల్ టేబుల్ మీద ఉంది. అడుగున నా పేరు రాసిన కాగితం.

"ఇది యాంటీరియర్ ఓపెన్ బైట్ అమ్మా, అంటే ముందు పండ్లు కలవవు. నువ్వు మింగేటప్పుడు నాలుక ముందుకు తోస్తాండావు, టంగ్ థ్రస్ట్ అంటారు. బ్రేసెస్ వేసి, ఎలాస్టిక్స్‌తో ముందు పండ్లు దగ్గరికి లాగుదాం."

బ్రేసెస్ వేశారు. పైపళ్ళకూ కిందిపళ్ళకూ చిన్న రబ్బర్లు నేనే తగిలించుకోవాలి. ఐదారు నెలల్లో సందు మూసుకుంది. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. షాపులో అందరికీ పళ్ళు చూపించాను. కానీ ఆ తర్వాత, రబ్బర్లు ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకుంటున్నా, సందు మళ్ళీ తెరుచుకోవడం మొదలుపెట్టింది. మొదట కాగితం దూరేంత. తర్వాత వేలి గోరు దూరేంత. అద్దం ముందు నిలబడి వెనక దంతాలు కరిచి పెట్టుకుని చూస్తే ఆ నల్లటి సందులో నాలుక కదలడం కనిపించేది. నా నోట్లో ఉన్నది నా నాలుకే అయినా, లోపల నుంచి ఇంకెవరో తొంగిచూస్తున్నట్టు ఉండేది. అద్దం మీద గుడ్డ కప్పాను. కస్టమర్ వస్తే తీసేదాన్ని, వెళ్ళగానే కప్పేదాన్ని.

పద్నాలుగో నెలలో మదనపల్లె డాక్టర్ కొత్తగా అచ్చు తీశారు. పాత మోడల్, కొత్త మోడల్ పక్కపక్కన పెట్టారు. పాతదాని పైదవడ తీసి కొత్తదాని కిందిదవడ మీద పెట్టి నొక్కారు. కూర్చోలేదు. ఇద్దరు వేరే మనుషుల పళ్ళు కలపబోయినట్టు ఊగింది.

ఆయన రెండు మోడల్సూ కింద పెట్టారు. తర్వాత చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అమ్మా, పండ్లు నేను పెట్టిన చోటే ఉండాయి. నీ కింద దవడే వెనక్కి పోతాండాది. ఇది ఈడ చేసే పని కాదు. కుప్పం పో."

తన పనిలో తేడా వచ్చిందని ఒప్పుకుని, ఎక్కడికి వెళ్ళాలో చెప్పిన ఆ మనిషికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

కుప్పం వెళ్ళే లోపల ఇంట్లో ఒకటి జరిగింది. మా పాప మెర్సీకి అప్పుడు ఆరేళ్ళు. పొద్దున స్కూలుకు పంపే తొందరలో దానికి ఇడ్లీ తినిపిస్తున్నాను. "అమ్మా, నీ నోరు ఎప్పుడూ తెరిచే ఉంటాది, యాల?" అంది పాప. పిల్ల అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ నాకు తెలియకుండానే నా చేయి చున్నీ అంచు పట్టుకుని ముక్కు దగ్గర్నుంచి కిందికి కప్పేసింది. అలాగే ముఖం కప్పుకునే ఇంకో ముక్క తినిపించాను.

వంటింటి గుమ్మంలో అమ్మ చేతిలో గిన్నె జారి పడింది. నా వైపే చూస్తోంది, నెలల తర్వాత.

"వొదినా," అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. అమ్మ నన్నే అంది. అమ్మ పడ్డ గిన్నె కూడా తీయకుండా లోపలికి వెళ్ళి మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది. ఎంత అడిగినా ఆ రోజు నోరు విప్పలేదు. వెళ్ళి పటం ముందు నిలబడ్డాను. ఎర్రటి ఏడు. దాని కింద కాగితం అంచు గోధుమరంగుకు తిరిగి ఉంది. గోరు పెట్టి గీరబోయాను గానీ ధైర్యం చాలలేదు.

పుంగనూరు నుంచి పలమనేరు, వెంకటగిరికోట మీదుగా కుప్పం బస్సు ప్రయాణం నాకు తర్వాతి మూడేళ్ళు అలవాటైపోయింది. మొదటిసారి మా ఆయన శాంతిపురంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. కుప్పం ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. సీబీసీటీ స్కాన్ తీయించారు. కంప్యూటర్ తెర మీద నా పుర్రె తిరుగుతోంది. బతికుండగా తన పుర్రెను తాను చూసుకోవడం ఎవరికీ మంచిది కాదు. కళ్ళు తిప్పుకోబోతే డాక్టరమ్మ పెన్నుతో చూపించారు.

"ఇదిగో, చెవి ముందు దవడ కీలు. ఇక్కడ ఎముక గుండ్రంగా ఉండాలి. నీకు రెండు వైపులా అరిగిపోయి చదునుగా ఉంది. కాండైలర్ రిసార్ప్షన్ అంటాం. ఆ ఎముక తగ్గేకొద్దీ దవడ వెనక్కి వాలుతుంది, ముందు తెరుచుకుంటుంది."

"ఎముక యాడికి పోతాంది మేడమ్?" అన్నాడు మా ఆయన.

"ఒంట్లోకే. కరిగిపోతుంది."

"ఎప్పుడు ఆగుతుంది?" అన్నాను నేను.

"ఎందుకు కరుగుతోందో తెలిస్తే చెప్పగలను. ఆగేదాకా మాత్రం పళ్ళను కదపకూడదు. పునాది దిగుతున్న ఇంటికి తలుపులు సరిచేస్తే లాభం లేదు కదా."

రబ్బర్లు ఆపేశారు. పళ్ళ మీద తొడుగులా పెట్టుకోవడానికి గట్టి ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చారు. తర్వాత అడిగారు: "ఇంకెక్కడైనా కీళ్ళ నొప్పులు ఉన్నాయా?"

"లేవు మేడమ్," అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఇక్కడే నా పెద్ద తప్పు ఉంది, కుట్టుపని చేసేవాళ్ళు మాత్రమే చేయగల తప్పు. పొద్దున లేవగానే నా వేళ్ళు విచ్చుకునేవి కావు. గోరువెచ్చని నీళ్ళ బకెట్లో చేతులు ముంచి పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చుంటే గానీ కత్తెర రింగులో వేలు దూరేది కాదు. నాకు పని నేర్పిన అక్క కూడా అలాగే చేసేది. ఆమెకు నేర్పినామె కూడా అంతేనట. పట్టు గుడ్డలు కత్తిరించే చేతికి అది ఉంటుంది, పోతుంది. అది మాకు జబ్బు కాదు, పని. పళ్ళ డాక్టర్ దగ్గర వేళ్ళ సంగతి ఎవరు చెబుతారు?

"ఇంట్లో పెద్దవాళ్ళలో ఎవరికైనా ఇలాంటి దవడ ఉందా? పాత ఫోటోలుంటే తీసుకురండి. నీవి, మీ అమ్మావాళ్ళవి, నాన్నవైపు వాళ్ళవి."

నాన్నవైపు ఫోటో అంటే ఆ పటం ఒక్కటే. అమ్మ దాన్ని గోడ మీంచి దించనివ్వలేదు. "ఆసుపత్రికి యాల అది? తాకొద్దు," అని పటానికి అడ్డంగా నిలబడింది. అమ్మ ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు నేను ఫోన్‌తో పటాన్ని ఫోటో తీసుకున్నాను. ఫోన్ తెరలో ముఖాలను పట్టే పసుపు గడి తాత మీద, అవ్వ మీద, నాన్న మీద, అమ్మ మీద వెలిగింది. ఆ కుర్చీ మీద వెలగలేదు. వెలగదని తెలుసు, అయినా ఇంకోసారి తీసి చూశాను.

తర్వాతిసారి కుప్పంలో డాక్టరమ్మ నా ఫోన్ తీసుకుని ఒక్కొక్కరి గడ్డం పెద్దది చేసి చూశారు. నాన్నది బాగుంది. అవ్వది బాగుంది. కుర్చీ దగ్గరికి వచ్చి ఆగారు.

"ఈవిడెవరు? ముఖం ఏమైంది?"

"మా అత్త మేడమ్. ఎందుకో కాగితం అంటించారు. తీయనివ్వరు."

ఆమె ఫోన్ తిరిగి ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. తెర మీద రెండు వేళ్ళు పెట్టి బొమ్మను పైకి నెట్టారు. ముఖం మీది ఏడు తెర బయటికి పోయింది. ఒళ్ళోని చేతులు తెరంతా నిండాయి.

"ఈ చేతులు ఎప్పుడైనా చూశావా?"

ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. చూడలేదు. అత్త వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు ఒరిగి ఉన్నాయి. కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకోలేక దాని మీద వాలి ఉంది. చూస్తుండగానే నాకు ఒకటి గుర్తొచ్చింది. వంకర వేళ్ళ చెయ్యి ఒకటి వేరుశనక్కాయ వలిచి, పలుకులు నా నోటికి అందిస్తోంది. ఆ చేతికి పైన తెల్లని కొంగు. ముఖం లేదు. అది కల అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

"శాంతా, పొద్దున లేచేసరికి నీ వేళ్ళు బిగుసుకుంటాయా?"

"అది కత్తెర పట్టుకునేదానివల్ల మేడమ్..."

"చేతులు ఇలా పెట్టు."

టేబుల్ మీద పెట్టాను. కణుపులు ఒక్కొక్కటీ నొక్కారు. రెండు చోట్ల నేను ఉలిక్కిపడ్డాను. ఆమె రక్తపరీక్షలు రాశారు. ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్. మూడూ చెడ్డగానే వచ్చాయి. కీళ్ళవాతం డాక్టర్ దగ్గరికి పంపారు. ఆయన చెప్పింది ఇది: "రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన ఒంటి రక్షణ మన కీళ్ళమీదే పడి తినేస్తుంది. దవడ కూడా కీలే గదమ్మా, దాన్ని వదిలిపెడుతుందా? కొన్ని ఇండ్లల్లో ఇది ఒకరి తర్వాత ఒకరికి రావచ్చు."

ఇంటికి వచ్చి రిపోర్టు అమ్మ ముందు పెట్టాను. ఇంగ్లీషు అమ్మకు రాదు. చదివి చెప్పాను. "ఇది కీళ్ళ జబ్బు. మందు ఉంది. అత్తకు కూడా ఇదే, చేతులు చూసి డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడైనా చెప్పు, ఆ కాగితం నువ్వు ఎందుకు అంటించావు?"

అమ్మ రిపోర్టును చేత్తో నిమిరింది.

"నేను అంటించలేదు శాంతా. మా వొదినే అంటించుకునింది."

నేను అమ్మ పక్కకు జరిగి కూర్చున్నాను.

"నేను పెండ్లయి వచ్చేటప్పటికే ఆమెకు నోరు మూసుకునేది కాదు. చేతులు వంకర. ఊర్లో గాలి సోకిందనిరి. ఫాదరయ్య ప్రార్థన చేసె, నూనె రాసె. ఏమీ తగ్గలేదు. అందరూ తిన్నంక వంటింట్లో గోడవైపు తిరుక్కోని గంజి తాగేది. నువ్వు నా కడుపులో ఉండేటప్పుడు మీ అవ్వ ఒకటే మాట. కడుపుతో ఉండేదానివి, ఆ ముఖం సూడొద్దు, బిడ్డకొస్తాది అని. ఆమె వింటాదని కూడా సూడకుండా అరిచేది. ఒకరోజు పొద్దున లేచి సూస్తే, మా వొదిన మైదా జిగురు కాంచి, క్యాలెండర్ చించి, పటంలో తన ముఖం మీద తానే అంటిస్తాండాది. ఆ చేతులతో. నన్ను సూసి కొంగు కప్పుకోని, 'ఇంక నువ్వు ఇంట్లో యాడికైనా తల తిప్పుకోవచ్చు లేమ్మా. నా బిడ్డకు ఏమీ రాదు' అనింది. నా బిడ్డ అనింది నిన్ను. నువ్వు పుట్టినంక నిన్ను ఎత్తుకోవాలంటే ముందు కొంగు గట్టిగా చుట్టుకునేది. నువ్వు లాగితే ఏడ్చేది."

"ఆమె పోయినంకైనా యాల తీయలేదమ్మా?"

"భయం. నీకు రాకుండా ఆమె పెట్టిన కాపలా అది. దాన్ని నేనే తీసేస్తే?" అమ్మ నా గడ్డం పట్టుకుంది. "తీయకపోయినా వచ్చింది గదా. నీ ముఖం ఒక్కోరోజు ఒక్కోరకంగా ఆమె మాదిరి అయిపోతా వస్తాంటే, కాగితం కిందనుంచి లేచి వచ్చిందనుకున్నా."

నేను తడిగుడ్డ తెచ్చాను. అమ్మ వద్దనలేదు. కాగితం నానేదాకా అద్దం మీద గుడ్డ ఆనించి పట్టుకున్నాను. తర్వాత అంచు పట్టుకుని లాగితే ఆ ఎర్రటి అంకె చిరగకుండా ఒకేసారి ఊడి వచ్చింది.

పటంలో అందరి రంగులూ ఎండకు వెలిసిపోయాయి. తాత, అవ్వ, నాన్న, అమ్మ అందరూ పసుపుపచ్చగా పాలిపోయి ఉన్నారు. కాగితం కింద వెలుతురు పడలేదు కాబట్టి అత్త ముఖం ఒక్కటే నిన్న తీసినంత తాజాగా ఉంది. బుగ్గల రంగు, బొట్టులేని నుదురు, పెదవుల తడి అన్నీ అలాగే. పెదవులు కలపాలని ఆమె ప్రయత్నిస్తోంది, ఆ ప్రయత్నానికి గడ్డం మీద చర్మం ముడుచుకుంది. ఆ ముడత నాకు తెలుసు. ట్రయల్ అద్దంలో రోజూ చూసిందే. అది నా ముఖం. వెలిసిపోయిన మనుషుల మధ్య రంగుతో కూర్చుని నన్ను చూస్తోంది. భయం వేసింది, దాచడం ఎందుకు. తర్వాత భయం పోయి ఏడుపు వచ్చింది. నేను ఏడ్చింది నాకోసం కాదు.

తర్వాత చికిత్స కొంచెం క్లుప్తంగా చెబుతాను. కీళ్ళ జబ్బుకు మెథోట్రెక్సేట్ మాత్రలు మొదలుపెట్టారు. "వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది," అని కీళ్ళవాతం డాక్టర్ నాచేత మూడుసార్లు చెప్పించుకున్నారు. నేను శనివారం పెట్టుకున్నాను, మా ఆయన వచ్చే రోజు కాబట్టి మరిచిపోను. మిగతా రోజుల్లో డాక్టర్ చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్ మాత్ర. మొదట్లో ఆదివారమంతా కడుపులో తిప్పేది, పాటలు పాడలేక చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. మధ్యమధ్య లివర్ పరీక్షలు. కొన్ని నెలలకు పొద్దున బకెట్టు అవసరం తగ్గింది. ఒకరోజు దాన్ని పూర్తిగా మరిచిపోయి షాపుకు వెళ్ళిపోయాను.

దవడ కోసం మాత్రం ఏడాది పైగా ఏమీ చేయకుండా ఎదురుచూడాల్సి వచ్చింది. అన్నిటికంటే కష్టమైంది అదే. చెవుల దగ్గర చప్పుడు వినిపించినప్పుడల్లా ఇంకో పొర కరిగిందనుకునేదాన్ని. ఏడాది తర్వాత తీసిన సీబీసీటీని పాతదాని పక్కన పెట్టి డాక్టరమ్మ చాలాసేపు కొలిచారు. "ఆగింది," అన్నారు. ఆ ఒక్కమాట చాలు నాకు.

పోయిన ఎముక రాదు. కానీ పై వెనక దంతాల దగ్గర ఎముకలో మినీ స్క్రూలు వేసి, ఆ దంతాలను కొంచెం పైకి నెడితే కిందిదవడ ముందుకు తిరుగుతుందని, ముందు సందు మూసుకుంటుందని చెప్పారు. "ఆపరేషన్ లేకుండా ఎంతవరకు వస్తుందో చూద్దాం. గడ్డం మాత్రం పాత చోటుకు పూర్తిగా రాదు, ముందే చెబుతున్నాను." ఒక స్క్రూ వదులై ఊడిపోయింది, మళ్ళీ వేశారు. పది నెలలకు ముందు పళ్ళు ఒకదాన్నొకటి తాకాయి. ఆ తాకిడి నాకు మళ్ళీ కొత్తగా అనిపించింది. ఆ రోజు బస్సులో పుంగనూరు దాకా పళ్ళు తాకించి చూసుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు బ్రేసెస్ తీసేశారు. పళ్ళు మళ్ళీ జరగకుండా రిటైనర్ పెట్టుకుంటున్నాను. మందు ఆపలేదు, ఆపకూడదన్నారు. గడ్డం కొంచెం వెనకే ఉంది, నాకు అలవాటైంది. పళ్ళతో దారం తెంపొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. చిన్న కత్తెర తాడుకు కట్టి మెడలో వేసుకున్నాను. కానీ బ్రేసెస్ తీసిన మరుసటి రోజు, ఒక్కసారే, దారం పళ్ళ మధ్య పెట్టి లాగాను. టుక్కుమంది. నస్రీన్ చూసి, "తోబా! మళ్ళీ మొదలుపెడితివా అక్కా," అని చేతిలో దారం లాక్కుంది.

ట్రయల్ అద్దం మీద గుడ్డ లేదు. పటం గోడ మీదే ఉంది. మొన్న అమ్మ పటం తుడుస్తుంటే మెర్సీ కుర్చీ ఎక్కి అత్త ముఖం మీద వేలు పెట్టింది.

"ఈమె ఎవరవ్వా? మా అమ్మ మాదిరే ఉండాది."

"మీ అమ్మ మేనత్తమ్మా. మీ అమ్మను శానా ఎత్తుకునింది," అంది అమ్మ. పాప వేలు తీయమని చెప్పలేదు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కొరికితే ముందు పళ్ళు కలవకుండా పోతుంటే, ముఖ్యంగా పెద్ద వయసులో కొత్తగా పోతుంటే, డాక్టర్‌కు నోరొక్కటే చూపించి రాకండి. పొద్దున లేచేసరికి వేళ్ళు, మణికట్టు, మోకాళ్ళు ఎలా ఉంటున్నాయో, ఎంతసేపటికి విచ్చుకుంటున్నాయో అడగకపోయినా చెప్పండి. అది పని వల్లే అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. ఇంట్లో పాత ఫోటో ఉంటే అదీ తీసుకెళ్ళండి. చేతులు కనిపించే ఫోటో.